శిలాఫలకం ఒకటి చెబుతుంది, రిజిస్టరు ఇంకొకటి
(మీరడిగారు – మేం చెప్పాం: ఊరి గ్రంథాలయ చరిత్ర రాసేవారి కోసం)

సొంత ఊరి గ్రంథాలయ చరిత్ర రాద్దామని కూర్చున్న పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో గుంటూరు, కృష్ణా ప్రాంతాలవే ఎక్కువ. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయానికి శతజయంతి చేయాలని కమిటీ వేశారు. గోడలోని శిలాఫలకం మీద "రుధిరోద్గారి సం. మాఘ శు. 5" అని మాత్రమే ఉంది. ఇంగ్లీషు సంవత్సరం లేదు. కమిటీలో కొందరు 1923 అంటున్నారు. బయట బోర్డు మీదేమో 1952 అని రాసి ఉంది. దేన్ని నమ్మాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పొన్నూరు

జవాబు: ముందు రాయి సంగతి తేల్చుకుందాం. అరవై తెలుగు సంవత్సరాల్లో మొదటిదైన ప్రభవ 1867లోనూ, 1927లోనూ, 1987లోనూ వచ్చింది. రుధిరోద్గారి అరవైలో యాభై ఏడోది. 1867కి 56 కలిపితే 1923, ఇంకో అరవై కలిపితే 1983. మీ రాయి 1983 నాటిది కాదని ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి 1923 ఉగాదితో మొదలైన సంవత్సరమే. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేసి 1923 అని రాసేస్తారు. తెలుగు సంవత్సరం ఉగాది నుంచి ఉగాదికి నడుస్తుంది. మాఘ, ఫాల్గుణాలు ఎప్పుడూ తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలోకి వెళతాయి. పుష్యం కూడా చాలా వరకు అంతే. మాఘ శుద్ధ పంచమి అంటే వసంత పంచమి, అది 1924 ఫిబ్రవరిలో పడింది. కాబట్టి ఆ రాయి ప్రకారం మీ శతజయంతి 2024 ఫిబ్రవరిలోనే దాటిపోయింది. కమిటీ వారికి ఈ మాట కాస్త మెల్లగా చెప్పండి.

రాయి మీద శక సంవత్సరం ఉంటే దానికి 78 కలపండి. శక 1845 అంటే 1923 ఉగాది నుంచి 1924 ఉగాది వరకు. స్థలం కాగితాల్లో ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి. ఫసలీ 1333 అంటే 1923 జూలై 1 నుంచి 1924 జూన్ 30 దాకా. రాయి, శకం, ఫసలీ మూడూ ఒకే కాలాన్ని చూపితే నిశ్చింత.

తర్వాత రాతి మీద ఏ మాట ఉందో చూడండి. "శంకుస్థాపన" అని ఉందా, "ప్రారంభోత్సవం" అని ఉందా? చందాలతో కట్టిన భవనాల్లో ఈ రెంటికీ మధ్య ఏళ్లు గడిచిపోవడం మామూలే. గోడలు లేచాక డబ్బయిపోయేది, పైకప్పు ఆగిపోయేది. శంకుస్థాపన రాయినే తర్వాత గుమ్మం పక్కన అతికించి ఉంటారు.

ఇక 1952. ఒక గ్రంథాలయానికి సాధారణంగా నాలుగు పుట్టుకలుంటాయి. ఎవరి అరుగు మీదో, గుడి మండపంలోనో నాలుగు పత్రికలు పెట్టి చదువుకోవడం మొదటిది. సమాజంగా ఏర్పడి రిజిస్టరు కావడం రెండోది. సొంత భవనం మూడోది. ప్రభుత్వ చట్టం కింద ఏర్పడ్డ గ్రంథాలయ సంస్థలో చేరడం నాలుగోది. మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టం 1948లో వచ్చింది, 1950 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. సమాజాలు నడుపుకుంటున్న పఠన మందిరాలు ఒక్కొక్కటిగా స్థానిక గ్రంథాలయ సంస్థల చేతికి వెళ్లడం ఆ తర్వాతే. మీ బోర్డు మీది 1952 బహుశా ఆ అప్పగింత సంవత్సరం. బోర్డు రాయించింది ఆఫీసు కాబట్టి ఆఫీసుకు తెలిసిన పుట్టుకే రాయించింది. అది తప్పు కాదు, నాలుగో పుట్టుక, అంతే.

మా అభిప్రాయం అడిగితే, చరిత్రలో నాలుగు తేదీలూ వేయండి. ఉత్సవం మాత్రం దేనికి చేస్తున్నారో ఆహ్వానపత్రం మీద స్పష్టంగా రాయండి.

ప్రశ్న: గ్రంథాలయంలో పాత అక్సెషన్ రిజిస్టర్లు (చేరిన పుస్తకాలను నంబరు వేసి ఎక్కించేవి) మూడు దొరికాయి. పుస్తకాల పేర్లు, ధరలు తప్ప ఏమీ లేవు. చరిత్ర రాయడానికి ఇవి పనికొస్తాయా?
– ఎం.ఏ. విద్యార్థిని, తెనాలి

జవాబు: మినిట్స్ పుస్తకం (సమావేశాల్లో జరిగింది రాసి ఉంచేది) పోయిన చోట ఇంతకు మించిన ఆధారం లేదు. చదివే పద్ధతి తెలియాలి.

ముందు ఒక హెచ్చరిక. మీ చేతిలో ఉన్నది అసలు రిజిస్టరా, తిరగరాసినదా చూసుకోండి. స్టాక్ వెరిఫికేషన్ తర్వాత గానీ, పాతది చెదలు తిన్నాక గానీ కొత్త రిజిస్టరు తెరిచి ఉన్న పుస్తకాలన్నిటికీ 1 నుంచి మళ్లీ నంబర్లు వేయడం రివాజు. గుర్తులు ఇవి: మొదటి నాలుగైదు వందల పద్దులు ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో, ఒకే తేదీతో ఉంటాయి. పుస్తకాలు వచ్చిన క్రమంలో కాక బీరువాలో ఉన్న క్రమంలో, అంటే నవలలన్నీ ఒకచోట, పురాణాలన్నీ ఒకచోట పడి ఉంటాయి. 1931 తేదీ పక్కన బాల్ పెన్ రాత కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు. అలాంటి రిజిస్టరులోని తేదీ పుస్తకం కొన్న తేదీ కాదు, లెక్క చూసిన తేదీ. అసలు రిజిస్టరులో రాతలు మారుతుంటాయి, తేదీల మధ్య నెలల ఎడం ఉంటుంది, మార్చి నెలాఖరున హడావిడిగా కొన్న పుస్తకాల గుంపు కనిపిస్తుంది.

ధరల గడి చూడండి. "1-4-0" అని ఉంటే రూపాయి నాలుగణాలు, అంటే నేటి లెక్కన 1.25. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. "న.పై." (నయా పైసలు) అని రాసి ఉంటే 1957 – 1964 మధ్యది, ఎందుకంటే 1964 జూన్ నుంచి "నయా" అన్న మాట తీసేశారు. తేదీ చిరిగిపోయిన పేజీకి ఈ గడి ఒక్కటే కాలం చెప్పేస్తుంది. దాతలు, పుస్తకాల షాపుల లెటర్‌హెడ్లు రిజిస్టరులో అతికించి ఉంటే పిన్‌కోడ్ కోసం చూడండి. అది 1972 ఆగస్టు 15న మొదలైంది. కోడ్ ఉంటే ఆ తర్వాతదే.

రిజిస్టరు దగ్గరే ఆగకుండా బీరువాలోంచి ఓ ముప్పై పాత పుస్తకాలు తీసి పక్కన పెట్టుకోండి. ఒక్కో పుస్తకం మీద రెండు మూడు ముద్రలుంటాయి. పైన సమాజం పేరున్న గుండ్రటి సీలు, దాని మీదో పక్కనో "స్థానిక గ్రంథాలయ సంస్థ" సీలు, ఇంకో పేజీలో "జిల్లా గ్రంథాలయ సంస్థ" సీలు. ఒకే పుస్తకానికి కొట్టేసిన నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి ఉంటాయి. కొట్టేసినది సమాజం నాటిది. అలాంటి కొట్టేసిన నంబర్లలో అన్నిటికంటే పెద్దది ఎంతో చూడండి. అప్పగించే నాటికి సమాజం దగ్గర కనీసం ఆ సంఖ్యలో పుస్తకాలు చేరాయన్నమాట. సమాజం రిజిస్టరు పోయినా ఈ అంకె దొరుకుతుంది.

అట్ట, ముఖపత్రం పోయిన పుస్తకమైతే సీక్రెట్ పేజీ వెతకండి. ప్రతి గ్రంథాలయం ఒక పేజీ సంఖ్య ఎంచుకుని అన్ని పుస్తకాల్లోనూ అదే పేజీలో సీలు వేసి నంబరు రాస్తుంది. నాలుగు బాగున్న పుస్తకాలు తిరగేస్తే ఆ పేజీ ఏదో తెలిసిపోతుంది. సమాజానికి ఒక పేజీ, సంస్థకు ఇంకో పేజీ అయి ఉండవచ్చు.

పుస్తకం వెన్ను మీద అది ఏ విషయానిదో చెప్పే వర్గీకరణ అంకెలు కూడా మాట్లాడతాయి. తెలుగు సాహిత్యం డ్యూయీ పద్ధతిలో 894.827. రంగనాథన్ కోలన్ పద్ధతిలో తెలుగు సాహిత్యం "ఓ35", దాని తర్వాత కామా పెట్టి 1 వేస్తే కవిత్వం, 3 వేస్తే కథాసాహిత్యం. ఒకే బీరువాలో రెండు రకాలూ ఉంటే మధ్యలో పద్ధతి మారిందన్నమాట. ఈ రెండూ కాక "న 112", "నా 40" లాంటివి కనిపిస్తే అది నవల, నాటకం అని ఊళ్లోవాళ్లు సొంతంగా పెట్టుకున్న గుర్తు. శిక్షణ పొందిన లైబ్రేరియన్ రాకముందు కాలానిది. మాకైతే ఈ మూడో రకమే ముచ్చటగా ఉంటుంది. ఆ ఊరి పాఠకులు పుస్తకాలను ఎలా విడదీసి చూశారో అందులో కనబడుతుంది.

చివరిగా, దానం గడి. బిల్లు నంబరు ఉండాల్సిన చోట "దానం" అని, పక్కన పేరు ఉంటుంది. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద ఎక్కించి ఎవరు ఎన్ని ఇచ్చారో లెక్కవేయండి. ఊళ్లో గ్రంథాలయాన్ని నిలబెట్టింది రాతి మీద పేరున్నవాళ్లేనా, కాదా అన్నది అక్కడ తేలుతుంది.

ప్రశ్న: 1950కి ముందు కాగితాల కోసం ఎక్కడికి వెళ్లాలి? గుంటూరులో అడిగితే బాపట్ల అన్నారు, బాపట్లలో అడిగితే ఒంగోలు అన్నారు.
– న్యాయవాది, చీరాల

జవాబు: తిప్పడంలో వాళ్ల తప్పు కొంతే, జిల్లాలు మారిన తీరు అలాంటిది. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంతకు ముందు గుంటూరు, తెనాలి, బాపట్ల అన్నీ కృష్ణా జిల్లాలోవి, మచిలీపట్నం కేంద్రం. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, అదే తర్వాత ప్రకాశం. చీరాల, వేటపాలెం అందులోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా వచ్చాక అవి మళ్లీ ఇటు చేరాయి. కాబట్టి మీకు కావలసిన కాగితం ఏ సంవత్సరానిదో ముందు తేల్చుకుని, ఆనాటి జిల్లా పేరుతో అడగండి.

సమాజం 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో నిబంధనావళి, మొదటి కార్యవర్గం జాబితా ఉండాలి. సంఖ్య, సంవత్సరం తెలియకపోతే వెతకడం కష్టం. అవి సమాజం పాత రసీదు పుస్తకాల మీద, లెటర్‌హెడ్ మీద చిన్న అక్షరాల్లో "రి. నెం." అని ఉంటాయి. మద్రాసు రాష్ట్రం నాటి ప్రభుత్వ ఉత్తర్వులైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి.

సంస్థ, పురపాలక సంఘం, పంచాయతీల దగ్గరున్న వాటికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై 10. ఏ4 నకలు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. "మా గ్రంథాలయ చరిత్ర తెలపండి" అని రాస్తే "అట్టి సమాచారం లేదు" అని ఒక్క ముక్కలో తిరిగొస్తుంది. ఉన్న కాగితం నకలు ఇవ్వడమే వారి బాధ్యత, కొత్తగా రాసిపెట్టడం కాదు. "ఫలానా శాఖా గ్రంథాలయాన్ని సంస్థ స్వాధీనం చేసుకున్నప్పటి అప్పగింత జాబితా, సంస్థ తీర్మానం నకళ్లు" అని కాగితం పేరు పెట్టి అడగండి. వీలైతే నకళ్లకు బదులు ఫైలు చూడనిమ్మని అడగడం మంచిది. పరిశీలనకు మొదటి గంట ఉచితం. మనం అడగాలని కూడా తెలియని కాగితాలు ఆ ఫైల్లోనే ఉంటాయి.

మీరు చీరాలలోనే ఉన్నారు కాబట్టి పక్కనే వేటపాలెం వెళ్లండి. 1918లో పుట్టిన సారస్వత నికేతనంలో పాత తెలుగు పత్రికలు జాగ్రత్తగా దాచారు. వార్షికోత్సవాల వార్తలు, చందాల విజ్ఞప్తులు అందులో దొరకవచ్చు.

ప్రశ్న: విజయవాడలో ఒక్క రోజే ఉంటాను. గ్రంథాలయోద్యమం గురించి ఎక్కడ చూడాలి? పడవలో గ్రంథాలయం నడిపారన్నది నిజమేనా?
– బ్యాంకు ఉద్యోగి, నరసరావుపేట

జవాబు: నిజమే. పాతూరి నాగభూషణం గారు 1935లో పెదపాలెం నుంచి కొల్లూరు వరకు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఊరూరా భవనం కట్టే డబ్బు లేదు, పడవ మాత్రం అన్ని ఊళ్ల రేవుల్లోనూ ఆగుతుంది. మీ ఊరు కాలువ గట్టున ఉంటే ఈ కోణం వదలకండి.

ఒక్క రోజే అంటున్నారు కాబట్టి నేరుగా పటమటలోని సర్వోత్తమ గ్రంథాలయానికి వెళ్లండి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరిట వెలసింది. గ్రంథాలయ సంఘం పత్రిక "గ్రంథాలయ సర్వస్వం" పాత సంపుటాల కోసం అడగండి. ఊళ్ల గ్రంథాలయాలు పంపిన నివేదికలు అందులో అచ్చయ్యేవి. మీ ఊరి పేరు కోసం విషయసూచిక మీద ఆధారపడకుండా నివేదికల పేజీలు ఒక్కొక్కటీ తిప్పాలి. ఊరి పేరు ఒక్కోచోట ఒక్కోలా అచ్చయి ఉంటుంది, తాలూకా పేరుతో కలిపి చూడండి.

సమయం మిగిలితే రామమోహన గ్రంథాలయం. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఇక్కడే. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు, వెనక నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. చాలా ఊళ్ల చరిత్రల్లో "అయ్యంకి వారు స్వయంగా వచ్చి ప్రారంభించారు" అని రాస్తారు. ఆయన తిరిగిన ఊళ్లు చాలానే గానీ, పత్రికలోనో మినిట్స్‌లోనో ఆధారం దొరికేదాకా "అని చెబుతారు" అన్న మాట చేర్చండి.

ప్రశ్న: ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అది మా ఊరి గ్రంథాలయానికే వెళుతుందా?
– గృహిణి, మంగళగిరి

జవాబు: నేరుగా వెళ్లదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్. ఇంటి పన్ను 3,000 రూపాయలైతే సెస్ 240. వసూలు చేసేది పురపాలక సంఘం లేదా పంచాయతీ. వారు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి, సంస్థ తన శాఖలన్నిటికీ ఖర్చు పెడుతుంది. వసూలైన డబ్బు స్థానిక సంస్థల దగ్గరే నిలిచిపోయి బకాయి పడటం పాత జబ్బు. పత్రికలు ఆగిపోయిన సంవత్సరాలకు కారణం వెతికేవారు పురపాలక బడ్జెట్‌లో "సెస్ చెల్లింపు" పద్దు చూడాలి. ఏయే ఏళ్లు సున్నా ఉందో అక్కడ కనబడుతుంది.

ప్రశ్న: రిజిస్టర్లు ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. లామినేషన్ చేయిద్దామా? 2024 వరదలో కొన్ని తడిశాయి కూడా.
– స్వచ్ఛంద కార్యకర్త, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: లామినేషన్ వద్దే వద్దు. వేడికి, ప్లాస్టిక్‌కు అతుక్కున్న కాగితం మళ్లీ విడదీయలేం. సెల్లోటేపు కూడా వద్దు, కొన్నేళ్లకు జిగురు పసుపు మచ్చై అక్షరాలను తినేస్తుంది. కాగితం పొడి అవడానికి కారణం దానిలోని ఆమ్లం. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితానికి అది పుట్టుకతోనే ఉంటుంది. ఇంట్లో చేయగలిగింది దాన్ని ఆపడం కాదు, ఈలోగా ఫొటోలు తీసేయడం.

ఫ్యాన్ ఆపండి. మెత్తటి బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు దుమ్ము దులపండి. ఫోను చేత్తో పట్టుకోకుండా స్టాండుకు బిగించి లెన్సు పేజీకి సరిగ్గా ఎదురుగా ఉంచండి. ఫ్లాష్ వద్దు, రెండు పక్కల నుంచి ఏటవాలుగా రెండు దీపాలు చాలు. ఫూల్‌స్కేప్ పేజీని 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) నాణ్యతతో తీయాలంటే సుమారు 10 మెగాపిక్సెళ్లు కావాలి. మామూలు 12 మెగాపిక్సెళ్ల ఫోను ఒక పేజీకి సరిపోతుంది, విప్పిన రెండు పేజీలకు సరిపోదు. అందుకే ఎడమ పేజీ, కుడి పేజీ విడివిడిగా తీయండి. ఖాళీ పేజీలూ తీయండి, లేకపోతే తర్వాత పేజీ పోయిందా, ఖాళీయా అన్న అనుమానం వస్తుంది. ప్రతి రిజిస్టరులో మొదటి ఫొటోలో ఒక స్కేలు పెట్టండి.

వరద తడి ఇప్పటికి ఆరిపోయి ఉంటుంది. బూజు ఉంటే పొడిగా, ఆరుబయట, మాస్కు పెట్టుకుని దులపండి. గదిలో దులిపితే మిగతా వాటికి అంటుకుంటుంది. అతుక్కున్న పేజీలను లాగకండి. మళ్లీ ఎప్పుడైనా తడిస్తే 48 గంటల్లోపు పేజీల మధ్య తెల్ల కాగితం పెట్టి మారుస్తూ ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. చేతికి మించి ఉంటే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి గడ్డకట్టే ఫ్రీజర్‌లో ఉంచితే బూజు ఆగుతుంది, తీరిగ్గా కొన్నికొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. నాఫ్తలీన్ ఉండలు చెదల్ని ఆపవు. బీరువాను గోడకు జానెడు దూరం, నేలకు కొంచెం ఎత్తు పెట్టడమే అంతకంటే మేలు.

ప్రశ్న: పెద్దవాళ్లు ఏ సంవత్సరం అడిగినా "స్వాతంత్ర్యం రాకముందే" అంటున్నారు. ఎలా అడగాలి?
– జర్నలిజం విద్యార్థి, గుంటూరు

జవాబు: సంవత్సరం అడగకండి. అందరికీ గుర్తున్న సంఘటనలకు ముడిపెట్టండి. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. ప్రకాశం బ్యారేజీ పూర్తయింది 1957లో. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. "బ్యారేజీ కట్టేటప్పటికి ఈ గది ఉందా? ఉప్పెన నాడు పైకప్పు పెంకా, శ్లాబా?" అని అడిగితే జవాబు సూటిగా వస్తుంది. ఏ పత్రిక ఏ బల్ల మీద ఉండేది, ఎన్నింటికి తీసేవారు, ఆడవాళ్లు లోపలికి వచ్చేవారా, పుస్తకాలు ఇంటికి పంపేవారా అని కూడా అడగండి. రిజిస్టర్లలో ఇవేవీ ఉండవు.

ప్రశ్న: గ్రంథాలయ స్థలం దాత ఇచ్చారని ఊరంతా అంటారు. ఇప్పుడు అక్కడ షాపులు కడతామంటున్నారు. దస్తావేజు ఎలా దొరుకుతుంది?
– వార్డు మాజీ సభ్యుడు, చిలకలూరిపేట

జవాబు: అది సాధారణంగా దఖలు దస్తావేజు (డబ్బు తీసుకోకుండా ఆస్తి రాసిచ్చే కాగితం) అయి ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది కాబట్టి అక్కడ ఏమీ లేదని నిరాశపడకండి. పాతవాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి సూచికలు వెతికించాలి. సూచికలు రెండు, పేర్లది ఒకటి, ఆస్తులది ఒకటి. డోరు నంబర్లు మారిపోతాయి కనుక సర్వే నంబరుతో వెళ్లండి. దాత పేరుతోనూ, సమాజం పేరుతోనూ, ఆనాటి కార్యదర్శి పేరుతోనూ వెతికించండి. సమాజం రిజిస్టరు కాకముందు స్థలం కార్యదర్శి పేరిట రాయించేవారు, దొరకకపోవడానికి ముఖ్య కారణం అదే.

స్థలం గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉంటే విడి సర్వే నంబరు ఉండదు. అప్పుడు పక్క ఇళ్ల పాత దస్తావేజులు చూడండి. వాటి హద్దుల్లో "ఉత్తరం: గ్రంథాలయం" అని ఉంటే, ఆ తేదీ నాటికి గ్రంథాలయం అక్కడ ఉందనడానికి రిజిస్టరైన ఆధారం. పునాది రాయి కంటే గట్టిది.

దస్తావేజు దొరికితే చివరి పేరాలు జాగ్రత్తగా చదవండి. "గ్రంథాలయమునకు మాత్రమే వినియోగించవలెను", "అట్లు కానిచో మా వారసులకు తిరిగి చెందును" లాంటి షరతు ఉందో లేదో చూడాలి. ధృవీకరించిన నకలు తీసుకుని, ఒక ప్రతి సంస్థ కార్యదర్శికి రసీదుతో అందజేసి, ఆ తర్వాతే అభ్యంతరం రాయండి. షరతుకు ఇప్పుడు ఎంత బలం ఉందన్నది సివిల్ న్యాయవాది చూసి చెప్పాల్సిన సంగతి. నకలు చేతిలో లేకుండా ఆయన దగ్గరికి వెళ్లినా ముందు నకలు తెమ్మంటారు.